ఏలగిరి రంగు ఏది?



జోలార్‌పేట స్టేషనులో బెంగుళూరు బండి కోసం కాచుకున్నవారికి ఏలగిరి కొండను వేరే పరిచయం చెయ్యనక్కరలేదు. ఆ కొండను ఆయిల్ రంగుల్లో వెయ్యాలని మొదటిసారి కూర్చున్నప్పుడు నేను ట్యూబులోని ఆకుపచ్చను ఉన్నదున్నట్టు పూసేశాను. నేర్పే మేష్టారు వెనక నిలబడి చూసి, "ఏమయ్యా, అంత దూరం పోయి ఆకులు ముట్టుకుని వచ్చావా? ఇక్కడ కూర్చుంటే కనబడేది వెయ్యి" అన్నారు. తలెత్తి చూశాను. కొండ నీలంగా ఉంది. పై అంచు ఆకాశంలో సగం కలిసిపోయి ఉంది.

ఈ చిక్కు మన కొండల దగ్గర 1792లోనే ఇద్దరు చిత్రకారులకు ఎదురైంది. ఆ ఏడు మార్చిలో టిప్పు సుల్తాను శ్రీరంగపట్నం సంధిలో బారామహల్ సీమను కుంపిణీ వారికి వదులుకున్నాడు. మన తిరుపత్తూరు, కృష్ణగిరి ప్రాంతమే అది. మరుసటి నెలలోనే థామస్ డేనియల్, ఆయన సోదరుని కొడుకు విలియం మద్రాసు నుంచి బయలుదేరారు. కలకత్తాలో లాటరీ పెట్టి బొమ్మలు అమ్మిన డబ్బే వారి దారిఖర్చు. థామస్ ఒకప్పుడు బండ్లకు రంగులు వేసిన మనిషి. విలియం పదహారో ఏట చిన్నాన్న వెంట ఇంగ్లండు వదిలి, పనిలోనే పని నేర్చుకున్నాడు.

వారు గీసినవాటిలో బర్గూరు దగ్గరి జగదేవి దుర్గం ఉంది. గోల్కొండ సేనల నుంచి పెనుకొండను కాపాడి, విజయనగర రాజుల చేత ఈ సీమను పొందిన జగదేవరాయల పేరు మీదుగా వచ్చిన ఊరు అది. వీరభద్ర దుర్గం, రాయకోట కూడా గీశారు. కొండ ఆకారం తప్పిపోకుండా కెమెరా అబ్స్‌క్యూరా అనే చీకటిపెట్టె వాడేవారు. అద్దం గుండా లోపలికి వచ్చిన కొండ నీడను కాగితం మీద పెన్సిలుతో దిద్దుకోవడమే. పైన పలచగా నీటిరంగు. ఆయిల్ పని తరువాత, నీడపట్టున.

అది సోమరితనం కాదు. ఆ రోజుల్లో ఆయిల్ రంగును పంది మూత్రాశయపు తిత్తిలో కట్టి ఉంచేవారు. తిత్తికి చిల్లు పొడిచి రంగు పిండాలి. మన ఎండలో దానితో కొండెక్కడం ఎంత పనో ఊహించుకోండి! మూత బిగించే తగరపు ట్యూబును జాన్ రాండ్ కనిపెట్టింది 1841లో. కొండ ఎదుటే కూర్చుని ఆయిల్ వెయ్యడం తేలికయింది ఆ తరువాతే.

ఆయిల్‌లో ఉన్న సుఖం, అది తొందరగా ఆరకపోవడం. అవిసె నూనెలో కలిసిన రంగు రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. కొండ అంచును ఆకాశంలోకి మెత్తగా లాగవచ్చు. ముందు ఆకాశం, తరువాత దూరపు కొండ, చివరికి దగ్గరి బండరాళ్ళు. దూరం పోయేకొద్దీ తెలుపూ నీలమూ పెరుగుతాయి, దగ్గరికొచ్చేకొద్దీ ఎరుపూ పసుపూ వస్తాయి. అడుగు పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పై పూతలో నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే కొన్నాళ్ళకు బొమ్మ బీటలిస్తుంది. నా మొదటి ఏలగిరి అలాగే పోయింది.

మన పిల్లలకు ఈ విద్య బడిలో అందడానికి మరి కొంతకాలం పట్టింది. మద్రాసులో డాక్టర్ హంటర్ 1850లో చిత్రకళా పాఠశాల పెట్టాడు. దానికి భారతీయుడు, దేవీప్రసాద్ రాయ్ చౌధురి, పెద్ద అయింది 1929లో.

డేనియల్స్ బొమ్మలు 'ఓరియంటల్ సీనరీ' పేరుతో 1795 నుంచి 1808 దాకా 144 అచ్చులుగా వచ్చాయి. యుద్ధం గెలిచినవాళ్ళ వెనకాల వచ్చి గీసిన బొమ్మలవి, ఆ మాట మరిచిపోకూడదు. అయినా నాకు వాటితో పని ఉంది. బర్గూరు, కృష్ణగిరి వైపు గ్రానైట్ కోసం గుట్టలను పలకలుగా కోసి లారీలకెత్తారు. చీకటిపెట్టెలో దిద్దిన జగదేవి గుట్టల అంచు మాత్రం 1792లో ఎలా ఉందో అలాగే ఆ కాగితం మీద ఉంది. ఏలగిరిని రెండోసారి వేసినప్పుడు నేనూ ముందు పెన్సిలుతో అంచే గీసుకున్నాను. రంగు తీసేసరికి పొద్దు వాలింది. కొండ నీలం కూడా కాదు, ఊదా రంగు.