ఎవరికి వారే యమునా తీరే

1979 జూన్ 20న రాజ్యాంగ 44వ సవరణలోని కీలక భాగాలు అమల్లోకి వచ్చాయి. దేశంలో ఎమర్జెన్సీ పెట్టాలంటే ప్రధాని ఒక్కరే రాష్ట్రపతికి ఉత్తరం రాస్తే ఇక చెల్లదు. కేంద్ర కేబినెట్ కూర్చుని నిర్ణయించాలి, ఆ నిర్ణయం లిఖితపూర్వకంగా రాష్ట్రపతికి చేరాలి. అప్పుడే ఆయన సంతకం పెట్టాలి. అలా రాయించిన మొరార్జీ దేశాయ్ కేబినెట్ జూలై 15న కూలిపోయింది. మధ్యలో 25 రోజులు.

తలుచుకుని బాధపడాల్సినంత గొప్ప ప్రభుత్వమా అది అని మనవాళ్లు అడగొచ్చు. 1977 మార్చిలో ఉత్తరాది అంతా జనతా పార్టీ గాలి వీస్తుంటే ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే పోయాయి. జనతాకు దక్కింది నంద్యాల ఒక్కటే. అక్కడ గెలిచినాయన నీలం సంజీవరెడ్డి. మనం పెద్దగా సీట్లు ఇవ్వని ప్రభుత్వం అది. అయినా దాని పతనానికి అంకురం ఎక్కడ పడిందో చూస్తే, ఏ ప్రభుత్వం గురించైనా పడాల్సిన దిగులే పడుతుంది.

1975 జూన్ 25 రాత్రికి వెళ్దాం. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు ఇందిరాగాంధీ రాసిన ఉత్తరంలో ఒక వాక్యం చాలా మర్యాదగా ఉంటుంది. విషయాన్ని కేబినెట్ ముందు పెట్టాలనే ఉంది, ఈ రాత్రికి వీలుపడటం లేదు, అని దాని సారాంశం. ప్రభుత్వ కార్యకలాపాల నిర్వహణ నియమాల్లో 12వ నియమం ఉంది. అవసరమనుకుంటే ప్రధాని ఈ నియమాలను పక్కన పెట్టవచ్చని అది చెబుతుంది. అత్యవసర వేళల కోసం తీసిన ఆ సందులోంచి ఆ రాత్రి ఏకంగా ఎమర్జెన్సీయే బయటికొచ్చింది. అర్ధరాత్రి కాకముందే సంతకం పడింది. తెల్లవారుజామున జయప్రకాశ్ నారాయణ్ (జేపీ)ను లేపి అరెస్టు చేశారు, మొరార్జీనీ పట్టుకెళ్లారు. ఇదంతా అయ్యాక ఉదయం 6 గంటలకు కేబినెట్ సమావేశం. మంత్రులు వచ్చారు, విన్నారు, వెళ్లారు. స్వరణ్ సింగ్ ఒక్కరే ఏదో సందేహం అడిగారంటారు. ఆ ఏడాది ముగిసేసరికి ఆయన మంత్రివర్గంలో లేరు. ఆ ప్రకటనకు ఆమోదం కోరే తీర్మానాన్ని జూలైలో లోక్‌సభలో ప్రవేశపెట్టింది సీనియర్ మంత్రి జగ్జీవన్ రామ్. ఈ పేరు గుర్తుంచుకోవాలి.

కేబినెట్ పద్ధతి కాగితం మీద చాలా సులువుగా కనిపిస్తుంది. ఒక శాఖకు ఒక ఆలోచన వస్తుంది. అది నోటుగా తయారై, సంబంధం ఉన్న మిగతా శాఖలన్నీ తిరిగి, ఆర్థిక శాఖ కొర్రీలు దాటి, కేబినెట్ సెక్రటరీ చేతికొస్తుంది. ఆయన దాన్ని ఎజెండాలో పెడతాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు మాట్లాడతారు, ఒక్కోసారి గట్టిగానే. చేతులెత్తి ఓట్లు లెక్కపెట్టే ఆనవాయితీ లేదు. మాటలన్నీ విన్నాక ప్రధాని తేల్చి చెబుతారు, అదే మినిట్స్‌లోకి ఎక్కుతుంది. గుమ్మం దాటాక ఆ నిర్ణయం అందరిదీ. లోపల ఎంత కాదన్న మంత్రైనా బయట దాన్ని సమర్థించాల్సిందే, చేతకాకపోతే రాజీనామా ఇచ్చి ఇంటికి పోవాల్సిందే. రాజ్యాంగం 75వ అధికరణ మంత్రిమండలి అంతా ఉమ్మడిగా లోక్‌సభకు జవాబుదారీ అంటుంది. ఒక్కొక్క మంత్రీ ప్రమాణ స్వీకారం నాడు రహస్యం కాపాడతానని విడిగా మరో ప్రమాణం చేసేది అందుకే. ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ యంత్రాన్ని ఇందిర నోరు మెదపకుండా చేసి చెడగొట్టారు. జనతావాళ్లు నోళ్లన్నీ ఒకేసారి తెరిచి చెడగొట్టారు. మొదటిది నేరం. రెండోదాన్ని ఏమనాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

1977 మార్చి 24న జనతా ఎంపీలు రాజ్‌ఘాట్‌లో జేపీ సమక్షంలో, గాంధీ సమాధి ముందు ప్రతిజ్ఞ చేశారు. యమునకు కూతవేటు దూరంలో, కలిసికట్టుగా ఉంటామని. చక్రంలో నాగలి మోసే రైతు గుర్తు మీద గెలిచిన 295 మందిలో పాత కాంగ్రెస్ వాళ్లున్నారు, జనసంఘ్ వాళ్లున్నారు, లోక్‌దళ్, సోషలిస్టు పార్టీల వాళ్లున్నారు. ఎన్నికల ముందు కాంగ్రెస్ విడిచి వచ్చిన జగ్జీవన్ రామ్ బృందం వేరే. ప్రధాని ఎవరన్నది ఓటుతో తేల్చుకోకుండా జేపీ, ఆచార్య కృపలానీల మీద వదిలేశారు. పదవి కోరుకున్నవాళ్లు ముగ్గురు: 81 ఏళ్ల మొరార్జీ, జాట్ రైతుల పెద్ద దిక్కు చరణ్ సింగ్, దళితుల్లోంచి ఎదిగిన మహా అనుభవశాలి జగ్జీవన్ రామ్. ఆస్పత్రిలో ఉన్న చరణ్ సింగ్ అక్కడి నుంచే మొరార్జీ వైపు మొగ్గుతూ ఉత్తరం పంపారు. జగ్జీవన్ రామ్‌కు దక్కకుండా ఉంటే చాలన్నది దాని ఉద్దేశం. ప్రకటన వేళ జగ్జీవన్ రామ్ అలిగి రాలేదు. బతిమాలగా కొన్నాళ్లకు ప్రమాణం చేసి రక్షణ శాఖ తీసుకున్నారు. చరణ్ సింగ్‌కు హోం, వాజపేయికి విదేశాంగం, హెచ్.ఎం.పటేల్‌కు ఆర్థికం, అద్వానీకి సమాచార ప్రసారం.

పనిమంతులు లేకపోలేదు. రైల్వే మంత్రి మధు దండవతే రెండో తరగతి చెక్కబల్లల మీద రెండంగుళాల ఫోమ్ పరుపులు వేయించారు. ఒళ్లు హూనం చేసుకుంటూ దూరప్రయాణాలు చేసిన సామాన్యుడికి ఆ ప్రభుత్వం నుంచి ముట్టిన వాటిలో నేను మొదట లెక్కపెట్టేది అదే. న్యాయమంత్రి శాంతిభూషణ్ 44వ సవరణ రాయించారు. పత్రికల మీద సెన్సారు పోయింది. ఇవన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు చేసినవే.

బీటలు అక్కడే పడ్డాయి. మొరార్జీ కొడుకు కాంతి దేశాయ్ తండ్రి ఇంట్లోనే ఉండి వ్యవహారాలు చక్కబెడుతున్నాడని, విచారణ జరిపించాలని హోం మంత్రి ప్రధానికి ఉత్తరం రాశారు. ప్రధాని ఘాటుగా జవాబిచ్చారు. ఆ ఉత్తరాలు లోపల ఆగలేదు. పార్లమెంటులో వాటి మీదే రభస. 1978 జూన్‌లో సూరజ్‌కుండ్‌లో విశ్రాంతి తీసుకుంటున్న చరణ్ సింగ్, ఇందిరను కోర్టు బోనెక్కించలేని ఈ ప్రభుత్వాన్ని జనం చేతకానివాళ్ల గుంపు అనుకుంటున్నారనే అర్థం వచ్చేలా బహిరంగ ప్రకటన చేశారు. ఆ ప్రభుత్వంలో శాంతిభద్రతలు చూసే మంత్రి ఆయనే! ఆరోగ్య మంత్రి రాజ్ నారాయణ్ అప్పటికే పార్టీ అధ్యక్షుడు చంద్రశేఖర్ మీద బజారులో నిలబడి మాట్లాడుతున్నారు. ఉమ్మడి బాధ్యతను తుంగలో తొక్కారంటూ మొరార్జీ ఇద్దరి రాజీనామాలూ అడిగారు. ఇచ్చారు.

రూలు ప్రకారం మొరార్జీది తప్పని అనలేం. పైగా ప్రధాని అంటే ఏమిటో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? 1969 జూలైలో ఇందిర ఆయన నుంచి ఆర్థిక శాఖ లాగేసుకున్నారు. శాఖలు పంచేదీ మార్చేదీ ప్రధాని ఇష్టం. ఉప ప్రధానిగా ఉండమంటే ఆత్మగౌరవం ఒప్పుకోక ఆయన బయటికొచ్చారు. మూడు రోజులకే 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. రాష్ట్రపతి పదవికి సంజీవరెడ్డిని కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబెట్టడం మీద పుట్టిన తగవులో భాగమే ఇదంతా. ఆ ఎన్నికలో ఇందిర మద్దతుతో వి.వి.గిరి గెలిచి సంజీవరెడ్డి ఓడిపోయారు. తొమ్మిదేళ్ల తర్వాత ప్రధాని కుర్చీలో కూర్చుని ఇంకొకరి గౌరవాన్ని తూచాల్సిన వంతు మొరార్జీకి వచ్చింది. తన తూకం సరైందే అనుకున్నారు. ఆయన ఎప్పుడూ అలాగే అనుకునేవారు.

చరణ్ సింగ్ ఊరుకోలేదు. డిసెంబర్ 23న తన పుట్టినరోజుకు ఢిల్లీలో లక్షల మంది రైతులతో సభ పెట్టి బలమేమిటో చూపించారు. 1979 జనవరిలో ఆయన్ని ఉప ప్రధాని హోదాతో, ఆర్థిక శాఖతో వెనక్కి పిలిచారు. ఆయనకు ఉప ప్రధాని పదవి ఇస్తే జగ్జీవన్ రామ్ చిన్నబుచ్చుకుంటారు గనుక ఆయన్నీ ఉప ప్రధానిని చేశారు. బల్లకు అటొకరు ఇటొకరు. రాజ్ నారాయణ్‌ను మాత్రం పిలవలేదు. బయట మిగిలిన ఆ ఒక్కడు చాలు.

ఆ మార్చిలో మరొకటి జరిగింది. బొంబాయి జస్లోక్ ఆస్పత్రిలో ఉన్న జేపీ కన్నుమూశారని ప్రధాని లోక్‌సభలో ప్రకటించారు. సంతాపం తెలిపారు. జేపీ బతికే ఉన్నారని కాసేపటికి తెలిసింది. అందరినీ ఒకచోట చేర్చిన మనిషి ప్రాణాలతో ఉన్నాడో లేడో కూడా సరిచూసుకోని స్థితికి ప్రభుత్వం వచ్చింది.

ఇక రాష్ట్రాల్లో ఒక్కొక్కరే పోయారు. ఉత్తరప్రదేశ్‌లో రామ్ నరేశ్ యాదవ్, బిహార్‌లో కర్పూరీ ఠాకూర్, హర్యానాలో దేవీలాల్. అందరూ చరణ్ సింగ్ వైపు మొగ్గిన ముఖ్యమంత్రులే. పాత జనసంఘ్ వాళ్లు ఆరెస్సెస్‌లోనూ కొనసాగవచ్చా అన్న ద్వంద్వ సభ్యత్వం గొడవ దానికి తోడైంది. రాజ్ నారాయణ్ పార్టీ వీడి వేరు కుంపటి పెట్టారు. జూలైలో సమావేశాలు మొదలవగానే ప్రతిపక్ష నేత వై.బి.చవాన్ అవిశ్వాస తీర్మానం తెచ్చారు.

జూలై 12న సభలో ప్రభుత్వం తరఫున దీటుగా మాట్లాడింది పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్. ప్రత్యర్థుల మీద నిప్పులు చెరిగారు. మంత్రిగా ఆయన చేయాల్సింది అదే, చాలా బాగా చేశారు. రెండు మూడు రోజులు తిరక్కుండానే ఆయన రాజీనామా చేశారు. సోషలిస్టు మిత్రులు నిలదీశారని, రాత్రంతా వాదులాట జరిగిందని అంటారు. కేబినెట్ పద్ధతి మొత్తం నిలబడేదే ఒక నమ్మకం మీద: మంత్రి సభలో నిలబడి మాట్లాడితే అది ప్రభుత్వం గొంతు. ఆ గొంతే ప్రభుత్వాన్ని వదిలి వెళ్లాక మిగతావాళ్లు ఎటు చూసి నిలబడతారు? మరో మంత్రి బహుగుణ వెళ్లారు. రోజుకు కొందరు చొప్పున ఎంపీలు అవతలి బెంచీలకు నడిచారు. ఓటింగ్ వరకు ఆగకుండా జూలై 15న మొరార్జీ రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చారు.

తీసుకున్నది అప్పటికి రాష్ట్రపతి అయిన సంజీవరెడ్డి. 1969లో ఒకే తుఫానులో దెబ్బతిన్న ఇద్దరూ అలా ఎదురెదురు నిలిచారు.

అప్పుడైనా జనతా పార్లమెంటరీ పార్టీ నాయకత్వం జగ్జీవన్ రామ్‌కు అప్పగించి ఉంటే కథ మారేదేమో. మొరార్జీ ప్రధాని పదవి వదిలారు గానీ నాయకత్వం వదల్లేదు. సంజీవరెడ్డి ముందు చవాన్‌ను పిలిచారు, ఆయన వల్ల కాలేదు. మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరూ తమకే బలముందన్నారు. రాష్ట్రపతి జాబితాలు తెమ్మన్నారు. పేర్లు లెక్కపెట్టి చరణ్ సింగ్‌ను పిలిచారు. జూలై 28న ప్రమాణం. ఉప ప్రధాని, అవిశ్వాసం పెట్టిన చవానే. వెనక నిలబడి మద్దతిస్తున్నది ఎవరంటే, బోనెక్కించలేదని చరణ్ సింగ్ ఎవరి గురించైతే రభస చేశారో ఆ ఇందిర. తన మీది కేసులు ఎత్తేయమన్నారని, తాను కాదన్నానని చరణ్ సింగ్ తర్వాత చెప్పుకున్నారు. ఆగస్టు 19న మద్దతు పోయింది. మర్నాడు లోక్‌సభ విశ్వాసం కోరాల్సిన ప్రధాని సభకు వెళ్లకుండా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి, రాజీనామాతో పాటు సభ రద్దు సలహా ఇచ్చారు. ప్రధానిగా ఆయన ఒక్క రోజూ పార్లమెంటును ఎదుర్కోలేదు.

సభ ముఖం చూడని కేబినెట్ సభను రద్దు చేయమంటే వినాలా? కొత్త సవరణలోనే 74వ అధికరణకు చిన్న చేర్పు ఉంది: మంత్రిమండలి సలహాను మళ్లీ ఆలోచించమని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపవచ్చు. సంజీవరెడ్డి పంపలేదు. ఎట్టకేలకు జనతా నాయకుడైన జగ్జీవన్ రామ్ తన వంతు కోసం ఎదురుచూస్తుండగానే ఆగస్టు 22న లోక్‌సభ రద్దయింది. ఆరోజు సంజీవరెడ్డి తొందరపడ్డారనే నా అభిప్రాయం. ఎమర్జెన్సీ తీర్మానం చదివిన గొంతు కాబట్టి జగ్జీవన్ రామ్ మీద జాలి పడనక్కర్లేదనేవాళ్లున్నారు. దేశానికి తొలి దళిత ప్రధాని వచ్చే అవకాశం గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయిందని నేనంటాను.

చరణ్ సింగ్ ఆపద్ధర్మ ప్రధానిగా ఐదు నెలలు గడిపారు. అక్టోబర్ 8న జేపీ ఈసారి నిజంగానే పోయారు. జనవరి ఎన్నికల్లో ఇందిరకు 353 స్థానాలు వచ్చాయి. జనతాకు 31. ఆంధ్రప్రదేశ్ మళ్లీ 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. 1980 జనవరి 14న, తనను ఓడించిన ఇందిరాగాంధీ చేత సంజీవరెడ్డి ప్రధానిగా ప్రమాణం చేయించారు. ఆ కేబినెట్‌లో విదేశాంగం పి.వి.నరసింహారావుకు, న్యాయశాఖ పి.శివశంకర్‌కు దక్కాయి.