కారుకు ట్రైలర్ వైరింగ్: రంగులు కలిసినంత మాత్రాన బ్రేక్ లైట్ వెలగదు

వలీమా దావత్ వేరే ఊళ్లో ఉందంటే దేగులు, గ్యాస్ పొయ్యిలు, షామియానా సామాను కారు డిక్కీలో పట్టవు. ప్రతిసారీ ట్రాలీ ఆటోకు కిరాయి ఇచ్చే బదులు సొంత కారు వెనుక చిన్న ట్రైలర్ తగిలించుకుందామనుకునే వాళ్లు హుక్, చక్రాల ఖర్చు లెక్క వేస్తారు. లైట్ల దగ్గరికి వచ్చేసరికి ‘నాలుగు వైర్లే కదా, ఇంట్లోనే కలిపేద్దాం’ అంటారు. నిజానికి ఇంట్లో చేసుకోదగ్గ పనే. కానీ ట్రైలర్ తగిలించాక కారు వెనుక లైట్లు దాని చాటుకు పోతాయి. రాత్రిపూట అనకాపల్లి నుంచి గాజువాక వైపు 16వ నంబర్ జాతీయ రహదారి మీద వస్తుంటే, కారు బ్రేక్ వేసిందని వెనకొచ్చే లారీ డ్రైవర్‌కు చెప్పేది ట్రైలర్ లైట్లే.

వైర్లు కొనేముందు కారు ఓనర్ మాన్యువల్ తీసి చూడాలి. చాలా చిన్న కార్లకు ట్రైలర్ లాగవద్దని అందులోనే రాసి ఉంటుంది. అలా ఉంటే ఇక్కడితో ఆగిపోవడమే మంచిది. ఇంకోటి, 1988 మోటారు వాహనాల చట్టం ‘మోటారు వాహనం’ అనే మాటలో ట్రైలర్‌ను కూడా చేర్చింది. ఇంజిన్ లేదు కదా అని రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించడం కుదరదు. వెల్డింగ్ షాపుకు అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి.

ఇక అసలు చిక్కు రంగుల దగ్గర. ఆన్‌లైన్‌లో దొరికే 4 వైర్ల సెట్లు ఎక్కువగా అమెరికా పద్ధతివి. తెలుపు ఎర్త్, గోధుమ రంగు పార్కింగ్ లైట్లు, పసుపు ఎడమ వైపు, ఆకుపచ్చ కుడి వైపు. అక్కడ బ్రేక్‌కూ ఇండికేటర్‌కూ ఒకే ఎర్ర లైటు వాడతారు కాబట్టి బ్రేక్‌కు వేరే వైరే ఉండదు. మన కార్లలో బ్రేక్ ఎరుపు, ఇండికేటర్ నారింజ, దేనికది వేరు. దీనికి సరిపోయేది యూరప్ పద్ధతి 7 పిన్నుల సాకెట్, ఐఎస్ఓ 1724. అందులో 1వ పిన్ను పసుపు, ఎడమ ఇండికేటర్. 2 నీలం, వెనుక ఫాగ్ లైట్. 3 తెలుపు, ఎర్త్. 4 ఆకుపచ్చ, కుడి ఇండికేటర్. 5 గోధుమ, కుడి పార్కింగ్. 6 ఎరుపు, బ్రేక్. 7 నలుపు, ఎడమ పార్కింగ్.

రెండు పద్ధతుల్లోనూ పసుపు ఎడమే, ఆకుపచ్చ కుడే, తెలుపు ఎర్తే. కొంప ముంచేది ఇదే. రంగుకు రంగు కలిపితే ఇండికేటర్లు చక్కగా కొడతాయి, పార్కింగ్ లైటు ఒక వైపైనా వెలుగుతుంది, పని అయిపోయిందనిపిస్తుంది. బ్రేక్ నొక్కితే మాత్రం ఎర్ర లైటు రాదు, లేదంటే రెండు ఇండికేటర్లూ స్థిరంగా వెలిగిపోతాయి. డ్రైవర్ సీట్లో కూర్చున్న మనిషికి అది కనబడదు.

రెండో తప్పు కారు టెయిల్ లైట్ వైరుకే ట్రైలర్ బల్బులు తగిలించడం. మామూలు బ్రేక్ బల్బు 21 వాట్లు. 12 వోల్టుల మీద 1.75 ఆంపియర్లు లాగుతుంది, రెండైతే 3.5. కారు వైరింగ్, లోపలి కంట్రోల్ బాక్సు తన సొంత బల్బులకు లెక్కగట్టి పెట్టినవి. ఈ అదనపు లోడుకు ఫ్యూజు పోవచ్చు, ఖరీదైన బాక్సే పోవచ్చు. అందుకే బైపాస్ రిలే బాక్సు వాడాలి. అది కారు లైట్ల నుంచి సిగ్నల్ మాత్రమే తీసుకుని, కరెంటును బ్యాటరీ నుంచి పంపుతుంది. ట్రైలర్‌కు ఎల్‌ఈడీ లైట్లు పెడితే లోడు ఇంకా తగ్గుతుంది.

డిక్కీ పక్క ప్లాస్టిక్ ప్యానెల్ తీస్తే టెయిల్ లైట్ వైర్లు కనిపిస్తాయి. ఒకరు బ్రేక్ నొక్కుతూ ఇండికేటర్ వేస్తుంటే ఇంకొకరు మల్టీమీటర్‌తో ఏ వైరు ఏదో గుర్తుపట్టి రాసుకోవాలి. కారు వైర్ల రంగులు మోడల్‌కో రకం, వాటిని నమ్మకూడదు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసేసి కలపాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, ఎంత ఆంపియర్లదో రిలే బాక్సు మీద ఉన్నట్టే వేయాలి. వైరు సైలెన్సర్‌కు, పెట్రోల్ పైపుకు దూరంగా పోవాలి. రేకు రంధ్రంలోంచి తీసేచోట రబ్బరు బుష్ తప్పనిసరి.

ఎర్త్ దగ్గర బద్ధకం పనికిరాదు. పెయింట్ గీకి రింగ్ టెర్మినల్‌ను బోల్టుతో బిగించాలి, ట్రైలర్‌కు వేరే ఎర్త్ వైరు లాగాలి. హుక్ ఇనుమే కదా, అదే ఎర్త్ అవుతుందనుకుంటే గతుకుల్లో లైట్లు ఆరిపోతాయి. విశాఖలో దీనికి ఉప్పుగాలి తోడు. ఫిషింగ్ హార్బర్, బీచ్ రోడ్డు వైపు మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ లోపల రాగి పచ్చబడిపోతుంది. పోర్టు దగ్గరి బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి సరేసరి. జాయింట్లు క్రింప్ చేసి జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి, పిన్నులకు కాస్త పెట్రోలియం జెల్లీ రాయాలి.

చీకటి పడ్డాక ట్రైలర్ వెనుక ఒకరు నిలబడి చూడాలి. పార్కింగ్, ఎడమ, కుడి, బ్రేక్ విడివిడిగా, తర్వాత బ్రేక్ నొక్కి ఉంచి ఇండికేటర్. ఒకటి వెలిగితే ఇంకోటి మసకబారినా, సంబంధం లేని లైటు మినుకుమన్నా ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. ఫ్యూజు పదే పదే పోతుంటే పెద్దది వేయకూడదు, ఎక్కడో వైరు ఒరుసుకుపోయిందని అర్థం. అప్పుడు గాజువాక ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించి, పైన చెప్పిన 7 పిన్నుల వరుస కాగితం మీద రాసి చేతికిస్తే అతనికీ పని సులువు.