మస్టరుకెక్కని చావులు: సయాం–బర్మా రైలుమార్గపు ఆసియా కూలీలు

1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైన కొద్ది నెలలకే బర్మాలోని జపాను సైన్యానికి తిండి, మందుగుండు చేరవేయడం కష్టమైంది. మలయా ద్వీపకల్పాన్ని చుట్టి వెళ్లే సముద్రమార్గం మిత్రరాజ్యాల జలాంతర్గాములకు చిక్కేలా ఉండడంతో, సయాంలోని (నేటి థాయిలాండ్) బాన్ పోంగ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజాయత్ వరకు కొండలు, అడవుల గుండా 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయాలని జపాను నిర్ణయించింది. 1942 నడిమి నెలల్లో మొదలైన పని 1943 అక్టోబరు నాటికే ముగిసింది. యంత్రాలు అంతంతమాత్రంగా ఉన్నచోట ఇంత వేగం మనుషుల ప్రాణాలతోనే సాధ్యమైంది.

ఆ పనిలో దించిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, డచ్చి, అమెరికా యుద్ధఖైదీలు 60 వేలకు పైబడి ఉండగా, వారిలో 12 వేల మందికి పైగా మరణించారు. మలయా, బర్మా, జావాల నుంచి తెచ్చిన ఆసియా కూలీలు దాదాపు రెండు లక్షల మంది కాగా, వారిలో సుమారు 90 వేల మంది చనిపోయారని తరచుగా చెబుతారు. ఖైదీల మరణాల సంఖ్య పేరుపేరునా రాసుకున్న జాబితాల నుంచి తేలిన లెక్క, కూలీలది అంచనా. యుద్ధం ఎవరిని మనుషులుగా లెక్కపెట్టిందో ఈ తేడాలోనే కనిపిస్తుంది.

మలయాలోని రబ్బరు, కొబ్బరి తోటల్లో అప్పటికి లక్షలాది దక్షిణ భారతీయులు స్థిరపడి ఉన్నారు. వారిలో తమిళులే అధికులు కాగా, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట ఓడ ఎక్కిన తెలుగువారూ ఉన్నారు. కంగాణీ అంటే సొంత ఊరివాళ్లను కూడగట్టి తెచ్చి, తోటలో వారిపై పెత్తనం చేసే మేస్త్రీ. జపాను ఆక్రమణతో రబ్బరు ఎగుమతి నిలిచి, తోటల్లో పని పోయి, బియ్యానికి కరవు వచ్చినప్పుడు, రోజుకు ఒక డాలరు కూలి, మూడు నెలల గడువు అన్న మాట కొందరిని సయాం వైపు కదిలించింది. వెళ్లినవారు తిరిగి రాకపోయేసరికి ఆ మాటను నమ్మేవారు కరువయ్యారు. అప్పుడు తోటకు ఇంతమందిని పంపాలన్న ఉత్తర్వులు, దారిన పోయేవారిని లారీల్లోకి ఎక్కించడం, ఉచిత సినిమా అని పిలిచి తలుపులు మూసి పట్టుకుపోవడం మొదలయ్యాయి. తెలుగునాట వెట్టి అంటే ఆచారం పేరిట కూలి లేకుండా చేయించుకునే చాకిరి. సయాంలో కూలీ ఉంది, గడువూ ఉంది గాని, గడువు తీరినా ఇంటికి పోనిచ్చేవారు లేరు కనుక, కాగితం మీది కూలిపని అడవిలోకి వచ్చేసరికి వెట్టిగా మారింది. బర్మాలో ఇలా సమీకరించిన కూలీలను 'చెమట సైన్యం' అన్నారు. సైన్యమన్న పేరే గాని, సైనికుడికి ఉండే హోదాగాని రక్షణగాని వారికి దక్కలేదు.

1943 వర్షాకాలంలో శిబిరాల్లో కలరా వ్యాపించినప్పుడు ఖైదీలకూ కూలీలకూ మధ్య ఉన్న ఈ తేడా ప్రాణాంతకమైంది. యుద్ధఖైదీలు సైనిక దళాలుగానే ఉన్నందున, వారి సొంత అధికారులు నీళ్లు కాచి తాగించారు, మరుగుదొడ్ల గుంతలు తవ్వించారు, మందులు చాలకపోయినా వారి వైద్యులు రోగులను వేరుగా ఉంచారు, చనిపోయినవారి పేరు, తేదీ రహస్యంగానైనా రాసిపెట్టారు. కూలీల శిబిరాల్లో అధికారీ లేడు, వైద్యుడూ లేడు. వాన కారే వెదురు పాకల్లో తడికెల మీద ఆరోగ్యవంతుడి పక్కనే రోగి పడుకునేవాడు, నదిలోని నీటినే అందరూ కాచకుండా తాగేవారు. కుటుంబాలతో వచ్చినవారి పిల్లలకూ అదే గతి పట్టింది. పని ఆగిపోతుందన్న భయం పుట్టాక గాని, యుద్ధఖైదీల్లోని వైద్య సిబ్బందిని 'కె', 'ఎల్' దళాల పేరుతో కూలీల శిబిరాలకు పంపలేదు.

యుద్ధానంతరం న్యాయం కూడా జాబితా ఉన్నవారినే వెతుక్కుంటూ వెళ్లింది. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందంలోని 16వ అధికరణం యుద్ధఖైదీలుగా బాధలు పడిన మిత్రరాజ్యాల సైనికులకు పరిహారం ఏర్పాటు చేసింది గాని, సైనికులు కాని కూలీలు ఆ నిర్వచనంలో ఇమడలేదు. ఈ రైలుమార్గాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన 1957 నాటి చలనచిత్రం 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' కథ కూడా ఖైదీల చుట్టూనే తిరిగింది. ఖైదీల జ్ఞాపకాల్లోనూ దక్షిణ భారత కూలీలు సాధారణంగా 'తమిళులు' అన్న ఒక్క మాట కింద కలిసిపోతారు కనుక, ఆ గుంపులోని తెలుగువారి జాడ మరింత మసకబారింది.

కాంచనబురి పట్టణంలోని యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల మంది ఖైదీల సమాధులు పచ్చికలో వరుస తీరి ఉన్నాయి. పేరు తెలిసిన ప్రతి సమాధి మీదా ఆ పేరు చెక్కి ఉంది. అదే కాంచనబురిలో 1990లో ఒక సామూహిక ఖననస్థలం బయటపడి, అందులో వందలాది అస్థిపంజరాలు కనిపించాయి. అవి ఆసియా కూలీలవని భావించారు గాని, ఏ ఎముక ఏ ఊరివాడిదో చెప్పగల మస్టరు మాత్రం దొరకలేదు.