ఇరుసు, కమాన్ కట్టలు: పికప్ ట్రక్కు బరువు మోసిన కథ

యాక్సిల్‌కి తెలుగు మాట ఇరుసు. ఎద్దుబండికీ ఉంటుంది, పికప్ ట్రక్కుకీ ఉంటుంది. ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన స్ప్రింగును మన లారీవాళ్ళు కమాన్ కట్ట అంటారు. ఈ రెండు మాటలు తెలిస్తే ఈ కథ చదవొచ్చు.

1917లో ఫోర్డ్ వాళ్ళు మోడల్ టీటీ అనే ఒక టన్ను ట్రక్కు తెచ్చారు. ఇంజను మోడల్ టీ కారుదే, 20 హార్స్‌పవర్. కానీ ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 100 అంగుళాల నుంచి 124 అయింది. ఫ్రేము గట్టిది, వెనక ఇరుసు వేరే, వార్మ్ గేరుతో. వేగం మాత్రం గంటకు సుమారు 15 మైళ్ళే. వేగం ఇచ్చి బలం కొనుక్కున్నారన్నమాట. ఇప్పటికీ బేరం అదే. 4.10 గేరు అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి డ్రైవ్ షాఫ్టు 4.10 సార్లు తిరగాలి. 3.73 కన్నా బాగా లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

అసలు తేడా ఇరుసు లోపల ఉంది. మామూలు పికప్‌లో లోపలి షాఫ్టు రెండు పనులు చేస్తుంది: చక్రాన్ని తిప్పుతుంది, బండి బరువూ మోస్తుంది. దాన్ని సెమీ ఫ్లోటింగ్ అంటారు. పెద్ద బండ్లలో ఫుల్ ఫ్లోటింగ్. అక్కడ బరువంతా బయటి గొట్టం మీద, హబ్ బేరింగుల మీద పడుతుంది. షాఫ్టు తిప్పడానికే. అది విరిగినా చక్రం ఊడిపోదు. చక్రం మధ్యలో హబ్బు ముందుకు పొడుచుకొచ్చి ఉంటే అదే అనుకోండి. డానా 60 ఇరుసు దీనికి పేరు పొందింది. 1973లో జనరల్ మోటార్స్ తెచ్చిన 14 బోల్టుల ఇరుసు కూడా. దాని క్రౌన్ వీల్ 10.5 అంగుళాలు!

స్ప్రింగుల కథ కొంచెం తమాషా. 1960లో షెవ్రొలే పికప్ వెనక కాయిల్ స్ప్రింగులు పెట్టింది, కూర్చుంటే మెత్తగా ఉంటుందని. 1973లో మళ్ళీ కమాన్ కట్టలకే వచ్చింది. 2014లో రామ్ 2500కి కాయిల్ వచ్చింది, 3500కి మాత్రం కట్టలే ఉంచారు. నన్నడిగితే బరువుకి కట్టలే మేలు.

ఇదంతా ఎందుకు చదివానంటే, మా గుడి రథోత్సవానికి 250 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు ఒక హాఫ్ టన్ పికప్‌లో పెడదామన్నారు. గ్యాలను నీళ్ళు 8.34 పౌండ్లు. అంటే 2,085 పౌండ్లు, ట్యాంకు కాకుండా. ఆ బండి తలుపు దగ్గరి స్టిక్కరు మీద 1,600 అని ఉంది. "ఇంకో పట్టీ వేయిద్దాం అంకుల్, వెనక కుంగదు" అన్నాడు ఒక కుర్రాడు. కుంగదు, నిజమే. కానీ పట్టీ వేస్తే ఇరుసు మారదు, బేరింగులు మారవు, బ్రేకులూ మారవు. ఆ బండి వెనకాలే పిల్లలు కోలాటం ఆడుతూ నడుస్తారు.

ఒక టన్ను బండి ఒక రోజుకి అద్దెకు తీసుకుందామని కమిటీకి రాశాను. ఇంకా జవాబు రాలేదు.