రాత్రి పదింటికి రక్తం ఎందుకు తీస్తారు?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాళ్ళకి బోదకాలు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పాత కరీంనగర్ జిల్లా ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఒకటి. సర్వేకి వచ్చే ఆరోగ్య సిబ్బంది మాత్రం జనం పడుకునే వేళకి వచ్చి వేలికి సూది గుచ్చుతారు. "ఈ పని పగలు చెయ్యలేరా?" అని విసుక్కోవడం మామూలే. జవాబు మైక్రోస్కోపు చరిత్రలో ఉంది.

1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ పురుగు పిల్లల్ని చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో పెరగడం చూశాడు. ఆ తర్వాత ఆయన రాత్రీ పగలూ రక్తం తీయించి చూస్తే అసలు సంగతి బయటపడింది. పగలు దాదాపు కనబడని పిల్లలు రాత్రి గుంపులుగా తేలుతున్నాయి, సరిగ్గా దోమ కుట్టే వేళకి! అదే మనిషి, అదే మైక్రోస్కోపు, పగలు తీస్తే స్లైడు ఖాళీ. మన భాషలో చెప్పాలంటే, రాత్రి మాత్రమే వచ్చే బగ్ కోసం పగటి లాగ్ వెతకడం.

(అన్నట్టు, సిరిసిల్ల వాళ్ళు సంతోషించే విషయం: 17వ శతాబ్దంలో ఒంటి కటకంతో సూక్ష్మజీవుల్ని చూసిన లీవెన్‌హుక్ బట్టల వ్యాపారి.)

ఫైలేరియా పిల్ల పావు మిల్లీమీటరు పొడవుంటుంది. 10 రెట్ల ఆబ్జెక్టివ్, 10 రెట్ల ఐపీస్, మొత్తం 100 రెట్లు చాలు. మలేరియా అలా కాదు, అది 7 మైక్రాన్ల ఎర్ర కణం లోపల ఉంటుంది. 1000 రెట్లు కావాలి, స్లైడు మీద నూనె చుక్క వెయ్యాలి. గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు పక్కకి వంగిపోయే కాంతిని ఆ నూనె లెన్సులోకి చేరుస్తుంది. ఉత్తినే పెద్దది చేస్తే లాభం లేదు. తక్కువ పిక్సెళ్ళ ఫోటోని జూమ్ చేసినట్టే ఉంటుంది.

మలేరియా కథ మన సికింద్రాబాదుదే. 1895లో వచ్చిన రొనాల్డ్ రాస్ రెండేళ్ళు వేరే జాతి దోమల్ని కోశాడు. ఐపీస్ పగిలింది, స్క్రూలు చెమటకి తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా కణాలు దొరికాయి. ఆ దోమల చేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్, దోమకి ఒక అణా చొప్పున. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఫైలేరియా ఉన్నవాళ్ళు చాలామందికి కాలు వాయదు. తమలో ఉందని వాళ్ళకే తెలీదు, దోమలకి మాత్రం అందుతూనే ఉంటుంది. ఇప్పుడు పగలైనా చేసే స్ట్రిప్ పరీక్షలు వచ్చాయి. అవి చూసేది పెద్ద పురుగు ఆనవాళ్ళు. రక్తంలో పిల్లలు తిరుగుతున్నాయా అన్నది చూడాలంటే మాత్రం ఇప్పటికీ ఆ రాత్రి స్లైడే.