కొల్లేరు పక్షుల ఫోటోలు: ఏ కెమెరా తీసుకెళ్లాలి, బ్యాగ్ ఎలా సర్దుకోవాలి?

చలికాలం సెలవుల్లో ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కుటుంబాలు ఎక్కువగా వెళ్లే చోటు కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రం. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేరు మీదుగానే సాగుతుంది. గూడెం వాళ్లు భీమవరం, ఆకివీడు మీదుగా రావచ్చు. అక్టోబర్ నుంచి మార్చి వరకు ఇక్కడ గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు బాగా కనిపిస్తాయి. చెట్ల మీద, అటవీ శాఖ కట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు.

తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఫోటోలో పక్షి చుక్కలా ఉంటుంది. దాంతో చాలామంది అప్పు చేసైనా పెద్ద లెన్సు కొనాలనుకుంటారు. కొనే ముందు ఈ లెక్క చూడండి.

ఎంత జూమ్ కావాలి?

గూడబాతు పొడవు సుమారు 1.4 మీటర్లు. అది మీకు 40 మీటర్ల దూరంలో ఉందనుకుందాం.

- ఫోన్ మామూలు కెమెరా: ఫ్రేమ్‌లో దాదాపు 55 మీటర్ల వెడల్పు పడుతుంది. అందులో పక్షి నలభయ్యో వంతు.
- డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18-55 లెన్సు: 17 మీటర్లు. పక్షి పన్నెండో వంతు.
- 70-300 లెన్సు: సుమారు 3 మీటర్లు. పక్షి దాదాపు సగం ఫ్రేమ్ నింపుతుంది.
- 150-600 లెన్సు: ఒకటిన్నర మీటరు. చిన్న పక్షులకు పనికొస్తుంది, కానీ బరువు 2 కిలోల దాకా ఉంటుంది.

అంటే గూడబాతులకు, కొంగలకు 300 ఎంఎం చాలు. లెన్సులు మార్చే ఓపిక లేనివాళ్లకు నికాన్ పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరా సులువు. లెన్సు అందులోనే ఉంటుంది, జూమ్ 83 రెట్లు. వెలుతురు తగ్గితే మాత్రం ఫోటో గరుకుగా వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే 8x42 బైనాక్యులర్స్ ఒకటి తీసుకెళ్లండి. ఫోటో తీయనివాళ్లు కూడా చూసి సంతోషపడతారు.

కొనాలా, అద్దెకా?

ఉదాహరణకు లెన్సు 60 వేలు అనుకోండి. ఐదేళ్ల తర్వాత 30 వేలకు అమ్ముడైతే ఖర్చు 30 వేలు. ఏడాదికి రెండు రోజులే వాడితే మొత్తం 10 రోజులు, అంటే రోజుకు 3 వేలు పడినట్టే. వాయిదాల మీద కొంటే వడ్డీ అదనం. మీ ఊళ్లో రోజు అద్దె అంతకంటే తక్కువైతే అద్దెకు తీసుకోవడమే మేలు. తీసుకునేటప్పుడు లైటు వేసి లోపల ఫంగస్ ఉందేమో చూడండి. గాజును రెండు వైపులా వీడియో తీసి పెట్టుకోండి, డిపాజిట్ దగ్గర గొడవ రాదు.

బ్యాగ్‌లో ఏం పెట్టాలి?

- ముందు రాత్రే ఛార్జ్ చేసిన రెండు బ్యాటరీలు, ఖాళీ చేసిన రెండు కార్డులు.
- తుడవడానికి మెత్తటి బట్ట, గాలి ఊదే బ్లోయర్.
- పెద్ద జిప్ కవర్లు, సిలికా జెల్ ప్యాకెట్లు. కొల్లేరు గాలిలో తేమ ఎక్కువ.
- బియ్యం నింపిన చిన్న గుడ్డ సంచి. కారు కిటికీ మీదో గట్టు మీదో పెట్టి దానిపై లెన్సు ఆనిస్తే చెయ్యి వణకదు.

ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచండి. పడవ కదులుతుంటే ట్రైపాడ్ కూడా కదులుతుంది. పడవలో ముందు లైఫ్ జాకెట్ వేసుకుని, తర్వాతే కెమెరా పట్టీ మెడలో వేసుకోండి. నీళ్ల మీద లెన్సు మార్చకండి. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటికి తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. 20 నిమిషాలు బ్యాగ్‌లోనే ఉంచండి. గల్ఫ్ నుంచి కెమెరా తెచ్చే బంధువులకు స్పేర్ బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చేతి సామానులోనే పెట్టుకోమని చెప్పండి. చెకిన్ లగేజీలో వాటిని అనుమతించరు.

తీసేటప్పుడు

ఫజర్ అయ్యాక బయలుదేరితే మంచి వెలుతురు అందుతుంది. ఎగిరే పక్షికి షట్టర్ 1/1600, కూర్చున్నదానికి 1/500 పెట్టుకోండి. నల్లటి నీళ్ల ముందు తెల్లటి పక్షి ఉంటే ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి, లేకపోతే ఈకల గీతలు కనిపించవు. వెనక తెల్లని ఆకాశం ఉంటే కాస్త పెంచండి.

అన్నిటికన్నా ముఖ్యం గూళ్లు. ఎగిరే ఫోటో కోసం చప్పట్లు కొట్టడం, రాళ్లు వేయడం, పడవవాడిని ఇంకా దగ్గరికి పోనివ్వమని ఒత్తిడి చేయడం అస్సలు వద్దు. తల్లి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి. ఫ్లాష్ వాడకండి. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. ఇది 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వర్తించే చోటు.

పక్షి కాలికి రింగు కనిపిస్తే దాని మీది అక్షరాలు, అంకెలు తెలిసేలా ఫోటో తీయండి. తేదీ, చోటు రాసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపితే ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది. అలాంటి ఫోటో ఫోన్‌తో తీసినా విలువైనదే.