పివీ ప్రొటీన్ల నిర్మాణం

జన్యుపదార్థంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే డీఎన్ఏ ముక్కలు ట్రాన్స్‌పోజాన్లు. చిన్న ఆర్ఎన్ఏల సాయంతో వాటిని పసిగట్టి అణచి ఉంచే ప్రొటీన్లలో పివీలు ముఖ్యమైనవి. ఇవి ఆర్గోనాట్ కుటుంబంలో ఒక శాఖ. ఎక్కువగా జంతువుల బీజకణాల్లో పనిచేస్తాయి. వీటికి దారి చూపే చిన్న ఆర్ఎన్ఏలను పైఆర్ఎన్ఏలంటారు; వాటి పొడవు సుమారు 24–31 న్యూక్లియోటైడ్లు. పాత ట్రాన్స్‌పోజాన్ల శకలాలు పోగుపడిన చోట్ల నుంచే పైఆర్ఎన్ఏలు చాలావరకు పుడతాయి. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే.

పేరు పండ్ల ఈగ నుంచి వచ్చింది. పి-ఎలిమెంట్ అనే ట్రాన్స్‌పోజాన్ చొరబడి చెడగొట్టడం వల్ల బయటపడిన జన్యువు కనుక, ఆ ‘పి’ పేరులోనే మిగిలిపోయింది.

ప్రొటీన్‌లో ఎన్, పాజ్, మిడ్, పివీ అనే నాలుగు ప్రధాన భాగాలు రెండు తమ్మెలుగా ముడుచుకుని, నడుమ ఒక గాడిని ఏర్పరుస్తాయి. ఆర్ఎన్ఏ ఆ గాడిలో పడుకుంటుంది. దాని 5′ చివరి ఫాస్ఫేటును మిడ్, 3′ చివరను పాజ్ పట్టుకుంటాయి. ఎవరిని పట్టాలో చెప్పేది ఆర్ఎన్ఏ వరుసే. పట్టుకుని అణచడమే ప్రొటీన్ పని. ఈ పని విభజనే నిర్మాణమంతటికీ కీలకం. పివీ భాగం ఆర్ఎన్ఏస్ హెచ్ ఎంజైమును పోలి ఉంటుంది. దారి చూపే ఆర్ఎన్ఏలోని 10, 11 స్థానాలకు ఎదురుగా లక్ష్యాన్ని తెంచుతుంది. పట్టుపురుగు పివీ ప్రొటీన్ ‘సివీ’ స్ఫటిక నిర్మాణాన్ని 2016లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. 2020లో వెలువడిన ఈగ పివీ నిర్మాణం ఇంకా ఆసక్తికరం. కోతకు కావలసిన అమైనో ఆమ్లాలు అందులో మారిపోయాయి. అది తెంచదు; కేంద్రకంలో చేరి, ట్రాన్స్‌పోజాన్ ఉన్న చోట క్రొమాటిన్‌ను, అంటే డీఎన్ఏ, ప్రొటీన్ల అల్లికను, బిగింపజేస్తుంది.

మొక్కల సంగతి వేరు. మేడ్చల్, షామీర్‌పేట వైపు చేలల్లో పండే మొక్కజొన్నలో పివీ శాఖ లేదు. జన్యుపదార్థంలో సుమారు 85 శాతం ట్రాన్స్‌పోజాన్లే ఉన్న ఆ పంటలో కాపలా కాసేది దాయాది శాఖ, ఆర్గోనాట్-4 తెగ. 24 న్యూక్లియోటైడ్ల ఆర్ఎన్ఏలతో అది డీఎన్ఏకు మిథైల్ గుర్తులు వేయిస్తుంది. ఈ పంట గింజల మీది రంగు మచ్చలను చూసే శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో దూకే జన్యువులను పట్టుకున్నారు. 1983లో నోబెల్ అందుకున్నారు.

ఈ రంగంలో హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. మణికా పాల్-భద్ర, ఉత్పల్ భద్ర అమెరికా సహచరులతో కలిసి 2004లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో, పివీ వంటి జన్యువులు దెబ్బతిన్న ఈగల్లో హెటిరోక్రొమాటిన్ (గట్టిగా బిగిసిన క్రొమాటిన్) బిగువు సడలినట్టు చూపారు. నగరంలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రేచల్ జేసుదాసన్ బృందం 2021లో ఎలుకల మీద మరో దారి తెరిచింది. వై క్రోమోజోమ్ మీది పునరావృత వరుసల నుంచి పుట్టిన పైఆర్ఎన్ఏలు, వృషణాల్లో ఇతర క్రోమోజోముల జన్యువులను కూడా అదుపు చేస్తాయని తేలింది.